పుట్టినరోజు పంట: 80 రోజుల ముందే విత్తుకుందాం

పై వీడియో చూశాక మీలో చాలామందికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. జీవామృతం, కషాయాలు, దేశీ విత్తనాలు చూపించేచోట ఈ పుట్టినరోజు గోలేంటి అని. సంబంధం ఉందండీ, గట్టి సంబంధమే ఉంది.

మనం మందు చల్లకుండా పండించిన కూరగాయల్ని, గానుగ నూనెని, దేశవాళీ బియ్యాన్ని ఆదివారం సంతకి పట్టుకెళ్తాం. టౌన్లో వాళ్లు వచ్చి "మా పిల్లల కోసమండీ" అని కొనుక్కుపోతారు. అదే మన ఇంట్లో పాప పుట్టినరోజు వస్తే మనమేం చేస్తున్నాం? బండేసుకుని టౌన్‌కి పోయి కిలో కేకు, రెండు డజన్ల చిప్స్ ప్యాకెట్లు, నాలుగు పెద్ద కూల్‌డ్రింక్ సీసాలు తెస్తున్నాం. సంతలో మన సరుకు గొప్పతనం అరగంట చెప్పగలం. మన పిల్లకి మాత్రం పండగ అంటే బేకరీలో దొరికేది, మన చేలో పండేది రోజువారీ కూడు అని మనమే నేర్పిస్తున్నాం.

వీడియోలో కనిపించిన కుటుంబం రెండెకరాల చిన్న రైతు కుటుంబం. పేరు, ఊరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు. వాళ్ల పాపకి ఏడేళ్లు. పోయినేడు వాళ్లమ్మ రాగిలడ్డూలు చేసి డబ్బాలో పెట్టి బడికి పంపింది. తోటి పిల్లలు చూసి "మట్టి లడ్డూలు" అని నవ్వారట. పాప సాయంత్రం డబ్బా అలాగే తిరిగి తెచ్చింది. తరవాత నెల రోజులు ఇంట్లో కూడా రాగి ముట్టలేదు. వాళ్లమ్మ ఈ మాట చెప్తుంటే నాకు అర్థమైంది ఒకటే. ఇక్కడ గొడవ రాగులది కాదు, సిగ్గుది. తన ఇంటి పంట చూసి సిగ్గుపడిన పిల్ల రేపు ఈ పొలంలో ఉంటుందా? ఉండకపోతే పోనీ, టౌన్లో ఉద్యోగం చేసుకుంటూ అయినా మనలాంటి రైతు దగ్గర కొనుక్కుంటుందా?

అందుకే ఈ ఏడు వాళ్లు వేరేగా చేశారు. వంట మార్చడంతో సరిపెట్టలేదు, విత్తడం దగ్గర్నుంచి మొదలుపెట్టారు. ఈ వ్యాసంలో నేను చెప్పదల్చుకున్నది కూడా అదే. రైతు ఇంట్లో పుట్టినరోజు ప్లానింగ్ అంటే ముందు విత్తనాల ప్లానింగ్.

ముందు మన పాత పద్ధతి ఒక్కసారి గుర్తు చేసుకుందాం. చిన్నపిల్లల వేడుకలు మనకి కొత్తేం కాదు. భోగి రోజు సాయంత్రం ఐదేళ్ల లోపు పిల్లల తలమీద పోసేది రేగిపళ్లు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, బంతిపూల రెక్కలు. అన్నీ ఆ నెలలో చేలో ఉన్నవే. అట్లతద్దికి ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి తిని, ఉయ్యాలలూగి, అట్లు వాయనమిచ్చేవాళ్లు. తెలంగాణలో సద్దుల బతుకమ్మకి నువ్వుల పొడి, పల్లీల పొడి, రొట్టెని నలిపి బెల్లంతో కలిపిన మలీద ముద్దలు. నాగుల చవితికి చిమ్మిలి, చలిమిడి. వీటిని ఎవరూ "హెల్దీ ఫుడ్" అనలేదు. పండగ అన్నారు, అంతే. పంటని బట్టి పండగ వచ్చేది. పుట్టినరోజుకి మాత్రం ఆ వసతి లేదు, అది ఏ నెలలో పడితే ఆ నెలలో వస్తుంది. కాబట్టి పంటనే పుట్టినరోజుకి తీసుకురావాలి.

వెనక్కి లెక్కేసుకోండి

క్యాలెండర్ మీద పుట్టినరోజుకి గుండ్రం చుట్టండి. అక్కణ్నుంచి వెనక్కి రండి. ఆకుకూరలకి 25, 30 రోజులు. బెండకి 45 నుంచి 50. బంతికి నారు నాటిన దగ్గర్నుంచి రెండు నెలలు. తీపి మొక్కజొన్నకి 75 నుంచి 85 రోజులు. వేరుశనగకి 100 నుంచి 110. చిలగడదుంపకి నాలుగు నెలలు చూసుకోండి. చలికాలంలో మొక్కజొన్న ఇంకో వారం, పది రోజులు ఆలస్యం చేస్తుంది.

వీడియోలో పాప చేతిలో పట్టుకుని చూపించింది మొక్కజొన్న కంకులే. 40 మంది అతిథులకి 40 కంకులు కావాలంటే 60 గింజలు పెట్టండి. సాలుకీ సాలుకీ రెండడుగులు, మొక్కకీ మొక్కకీ జానెడు దూరం వేసుకుంటే పావు సెంటు కూడా పట్టదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి, గట్టు పొడవునా ఒకే వరస వేయొద్దు. మొక్కజొన్నకి పుప్పొడి గాలికే పడుతుంది. ఒంటి వరసలో సగం గింజ పట్టక కంకి పళ్లూడిన నోరులా ఉంటుంది. నాలుగైదు పొట్టి సాళ్లు పక్కపక్కనే చదరంగా వేయాలి. ఇంకోటి, పాలకంకి దశ వారానికి మించి ఉండదు. అందుకని సగం గింజలు 82 రోజుల ముందు, మిగతా సగం 75 రోజుల ముందు పెడితే ఏదో ఒక మడి సరిగ్గా అందుతుంది. కత్తెర పురుగు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. సుడిలో వేప కషాయం పడాల్సిన టైంలో పడాలి, అంతే.

ఈ గింజలు పెట్టేది పిల్లలే అయి ఉండాలి. మనం పెట్టి "ఇది నీ మడి" అంటే వాళ్లు నమ్మరు. వేలితో గుంట తీసి, రెండేసి గింజలు వేసి, మట్టి కప్పి, రోజూ స్కూలు నుంచి రాగానే చూసుకునే మడి అయితేనే అది వాళ్లది. ఈ వీడియోలోని పాప స్నేహితుల్ని చేలోకి తీసుకెళ్లి "ఇది నేను వేశా, ఇంకో రెండు విరవచ్చు, ఇది ఇంకా ముదరలేదు, ముట్టుకోకు" అని పెత్తనం చేసింది చూశారు కదా. పోయినేడు సిగ్గుపడిన పిల్ల అది. మనం ఎంత లెక్చర్ ఇచ్చినా ఆ మార్పు రాదు.

వేరుశనగ కూడా పిల్లలకి భలే పంట. చెట్టు పీకగానే కింద గుత్తిగా కాయలు కనబడితే ఆ కేకలు వేరు. వంద, నూట ఇరవై మొక్కలుంటే ఉడకబెట్టుకోవడానికి రెండు కిలోల పైనే పచ్చికాయ వస్తుంది.

విత్తే టైం దాటిపోయింది, పుట్టినరోజు పది రోజుల్లో ఉంది అంటారా? అప్పుడు ఆ నెలలో ఊళ్లో ఏముందో చూడండి. జూన్, జూలై అయితే అల్లనేరేడు. వానలు వెనకబడ్డాక సీతాఫలం. చలికాలంలో జామ, తేగలు, ఉడకబెట్టిన కందికాయలు, అనపకాయలు, పాల మీదున్న జొన్న కంకులు కాల్చి నలిపిన ఊచబియ్యం. ఎండాకాలమైతే ముంజలు, మామిడి, పుచ్చకాయ. వరి తప్ప ఇంకేం వేయని రైతు పక్క రైతుతో మార్పిడి చేసుకోవచ్చు. ఐదు కిలోల బియ్యమిచ్చి కంకులు తెచ్చుకోవడంలో నామోషీ ఏం లేదు.

కేకు సంగతి

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. పిల్లలు కేకు అడుగుతారు. అడగనివ్వండి. కొవ్వొత్తి ఊదాలి, కత్తి పట్టుకోవాలి, ఫొటో దిగాలి. అవన్నీ వద్దంటే పండగ మొత్తం చెడుతుంది. నా ఉద్దేశంలో ఏడాదికోసారి బేకరీ కేకు ముక్క తింటే కొంపలేం మునిగిపోవు. బాధేంటంటే ఇప్పుడది ఏడాదికోసారి కాదు. క్లాసులో 40 మంది పిల్లలుంటే ఏడాదికి 40 పుట్టినరోజులు. బడి నడిచేది 220 రోజులనుకుంటే ఐదారు రోజులకొకటి. ప్రతి దానికీ చాక్లెట్, కేకు, చిప్స్, కూల్‌డ్రింకు. అలవాటు అలా పడుతోంది.

రంగుల మాట కూడా కొంచెం చెప్పాలి, భయపెట్టడానికి కాదు. 2024లో కర్ణాటక ఆహార భద్రతా విభాగం 235 కేకు నమూనాలు పరీక్షిస్తే 12 నమూనాల్లో కృత్రిమ రంగులు పరిమితికి మించి బయటపడ్డాయి. ఎర్రగా ఉండే రెడ్ వెల్వెట్, బ్లాక్ ఫారెస్ట్ లాంటివి అందులో ఉన్నాయి. మిగతా 223 బాగానే ఉన్నాయని కూడా చెప్పాలి, లేకపోతే అది న్యాయం కాదు. అదే ఏడాది రోడమైన్-బి అనే బట్టల రంగు దొరికిందని తమిళనాడు, పుదుచ్చేరి పీచుమిఠాయిని నిషేధించాయి. కొనేటప్పుడు మరీ మెరిసే ఎరుపు, నీలం, పచ్చ రంగులవి పక్కనపెట్టి, రంగు లేనిది తీసుకుంటే సగం సమస్య పోతుంది.

ఇంట్లో చేసుకుంటామంటే దారులున్నాయి. రాగి కేకు చేసి చెడగొట్టుకున్నవాళ్లు చాలామంది కనబడతారు. కారణం ఒకటే, రాగిలో గోధుమలో ఉండే జిగురు ఉండదు. ఒట్టి రాగిపిండితో చేస్తే పొంగదు, ముక్క పట్టుకోగానే రాలిపోతుంది. సగం రాగి, సగం గోధుమపిండి వేయండి. ఒక కప్పు రాగిపిండి, ఒక కప్పు గోధుమపిండి, చిన్న చెంచా బేకింగ్ పౌడరు, అర చెంచా వంటసోడా కలిపి రెండుసార్లు జల్లించండి. వేరే గిన్నెలో కప్పు చిక్కటి పెరుగు, కప్పు బెల్లం పొడి, అర కప్పు నూనె బాగా గిలక్కొట్టండి. నువ్వుల నూనె వాసన కొట్టేస్తుంది, వేరుశనగ నూనె గానీ కరిగిన వెన్న గానీ మేలు. రెండూ కలిపి, జారుడుగా అయ్యేదాకా అర కప్పు పాలు కొంచెం కొంచెంగా పోయండి. పిండి తడిశాక ఎక్కువ కలిపితే గట్టిపడుతుంది.

ఓవెన్ అక్కర్లేదు. మందపాటి గిన్నెలో రెండు వేళ్ల మందం ఇసుక గానీ ఉప్పు గానీ పోసి, స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వండి. నూనె రాసిన గిన్నెలో పిండి పోసి అందులో దింపి, సన్న సెగమీద 40 నుంచి 50 నిమిషాలు ఉంచండి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పూర్తిగా చల్లారాకే బయటికి తీయాలి. ఆత్రపడితే విరుగుతుంది. ఈ కొలతకి చిన్న ముక్కలు 20 వస్తాయి. 40 మందికి రెండు కేకులు చేసుకోవాలి. ముందురోజు ఒకటి చేసి చూసుకుంటే బెంగ ఉండదు.

కేకే కావాలని లేని ఇళ్లలో గోదావరి జిల్లాల దిబ్బరొట్టె ఉంది. మినప్పిండి, బియ్యపు రవ్వ కలిపి మూకుట్లో నాలుగు వేళ్ల ఎత్తు వేసి, మూతమీద నిప్పులు పెట్టి కాలిస్తే గుండ్రంగా, పైన ఎర్రగా, లోపల దూదిలా వస్తుంది. కత్తితో త్రికోణాల్లా కోస్తే అచ్చం కేకే. ముక్కమీద చెరకు పానకం ఒక చెంచా. కొవ్వొత్తి దాని మీద కూడా నిలబడుతుందండోయ్, వీడియోలో చూడండి. ఆవిరి కుడుము కూడా ఇలాగే కోయొచ్చు.

రంగు కావాలంటే మన దగ్గర దేశీ వరే ఉంది. కాలాబట్టి లాంటి నల్ల బియ్యం పండించే రైతులు మనలో చాలామంది ఉన్నారు. ఆ బియ్యంతో పాయసం చేస్తే ఊదారంగు వస్తుంది, డబ్బా రంగు ఏదీ అక్కర్లేదు. 40 మందికి తలా చిన్న గ్లాసు చొప్పున అయితే అర కిలో బియ్యం, రెండు లీటర్ల పాలు, 600 గ్రాముల బెల్లం. బియ్యం రాత్రంతా నానబెట్టాలి, లేకపోతే ఎంతసేపైనా ఉడకదు. బెల్లం విడిగా కరిగించి వడగట్టి, పాయసం పొయ్యిమీంచి దించి కాస్త చల్లారాక కలపండి. పొయ్యిమీదే కలిపితే పాలు విరిగే ప్రమాదం ఉంది.

బెల్లం కూడా చక్కెరే

ఈ మాట చెప్తే మనవాళ్లలో కొందరికి కోపం వస్తుంది. అయినా చెప్పాలి. బెల్లంలో కాస్త ఇనుము, కాసిని ఖనిజాలు ఉంటే ఉండొచ్చు, నూటికి 80 వంతులకు పైగా చక్కెరే. "మాది హైడ్రోస్ వేయని నల్లబెల్లం, పిల్లలు ఎంత తిన్నా ఫర్లేదు" అనేది తప్పు మాట. రెండేళ్లు దాటిన పిల్లలకి అదనపు చక్కెర రోజుకి 25 గ్రాములు దాటకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో చెప్పింది. మన కొలతలు దానికి పెట్టి చూద్దాం.

పాయసం గ్లాసులో బెల్లం 15 గ్రాములు. కేకు ముక్కలో ఎనిమిది, తొమ్మిది గ్రాములు. రాగిలడ్డు చూస్తే, కిలో వేయించిన రాగిపిండికి 600 గ్రాముల బెల్లం, పావుకిలో నెయ్యి, 200 గ్రాముల నువ్వులు వేస్తే 30 గ్రాముల లడ్డూలు 65 దాకా వస్తాయి. ఒక్కోదాంట్లో బెల్లం తొమ్మిది గ్రాములు. మూడూ పెడితే 33 గ్రాములు. అంటే ఆ రోజు లెక్క దాటిపోయినట్టే, అదీ మన "ఆరోగ్యకరమైన" పండగలో! 250 మిల్లీలీటర్ల కోలా సీసాలో కూడా చక్కెర 25 గ్రాములకు పైనే ఉంటుంది. తేడా ఏంటంటే లడ్డూతో పాటు రాగి వస్తుంది, నువ్వులు వస్తాయి, పిల్లల కడుపు నిండుతుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. సీసాలో నీళ్లూ గ్యాసూ తప్ప ఇంకేం రాదు. అంతవరకే మన గొప్ప.

అందుకే నా సలహా, తీపి ఒకటే పెట్టండి, మహా అయితే రెండు. కేకు కోస్తే పాయసం మానేయండి. లడ్డు తలా ఒకటి ఆకులో చుట్టి ఇంటికి పంపండి, మర్నాడు తింటారు. తాగడానికి తీపి లేనిది ఇవ్వండి. రెండు లీటర్ల పెరుగుకి ఆరు లీటర్ల నీళ్లు, ఉప్పు, అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ 40 మందికి సరిపోతుంది. ఆటలాడి వచ్చిన పిల్లలు మజ్జిగ కుండ ఖాళీ చేస్తారు, అనుమానం అక్కర్లేదు.

కారానికి కొర్రల పులిహోర. పిల్లలకి తలా 50 గ్రాములు, పెద్దలకి 80 గ్రాముల చొప్పున 25 మంది పిల్లలు, 15 మంది పెద్దలకి రెండున్నర కిలోల కొర్రలు. కొర్రలు కనీసం రెండు గంటలు నానాలి. చింతపండు బదులు నిమ్మకాయ అయితే చిన్నపిల్లలు ఇంకా ఇష్టంగా తింటారు. కొర్రలు ఎప్పుడూ తినని పిల్లలు వస్తారనుకుంటే సగం బియ్యంతో చేయండి. పండగ రోజు ఎవరికీ పరీక్ష పెట్టొద్దు. "ఇది సిరిధాన్యం, షుగరు రాదు, క్యాన్సరు రాదు" అని భోజనాల దగ్గర ఉపన్యాసం అసలే వద్దు. రుచిగా ఉంటే వాళ్లే ఏంటని అడుగుతారు.

జాగ్రత్తలు: ఇక్కడ మొహమాటం వద్దు

పిల్లల్ని పొలానికి పిలుస్తున్నాం అంటే బాధ్యత మనది. పల్లీ, నువ్వు, పాలు, గుడ్డు పడని పిల్లలుంటారు. పిలిచేటప్పుడే తల్లిదండ్రుల్ని అడిగేయండి. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి పల్లీ గింజలు, పేలాలు, గట్టి చిక్కీ ఇవ్వొద్దు, గొంతుకి అడ్డం పడతాయి. పొడి కొట్టి కలిపిన లడ్డు గానీ మెత్తటి చిమ్మిలి గానీ ఇవ్వండి. భోగిపళ్లు పోసేటప్పుడు కూడా రేగిగింజ, చిల్లర నాణెం నోట్లో పెట్టుకోకుండా ఒక మనిషి కూచోవాలి. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించకూడదు, మన సొంత తేనెపెట్టె తేనె అయినా సరే. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు పసిబిడ్డ పేగుల్లో విషం తయారు చేస్తాయి. రెండేళ్ల లోపు వాళ్లకి బెల్లం, చక్కెర కలపని జావ, మెత్తటి పండు చాలు.

పల్లీలు ఏరడం పెద్దవాళ్ల పని. బూజు పట్టినవి, ముడతలు పడినవి, నల్లబడినవి ఒక్కటి కూడా పోనివ్వొద్దు. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయించినా పూర్తిగా పోదు. ప్రకృతి వ్యవసాయంలో పండిన కాయకి బూజు పట్టదని ఎవరైనా అంటే నమ్మకండి. సరిగ్గా ఎండకపోతే ఎవరి కాయకైనా పడుతుంది.

జీవామృతం గురించి ఒక మాట. అది పంటకి మంచిదే, కానీ ఆవు పేడలో మనిషికి విరేచనాలు తెచ్చే సూక్ష్మజీవులు కూడా ఉంటాయి. పిల్లలు పచ్చిగా తినే టమాట, దోస, క్యారెట్, కొత్తిమీర మీద వేడుకకి రెండు మూడు వారాల ముందే జీవామృతం పిచికారీ ఆపేయండి. కోశాక పారే నీళ్లలో బాగా కడగండి. "మందు కొట్టలేదు, చెట్టు మీదే కోసుకు తినేయొచ్చు" అనే మాట వినడానికి బావుంటుంది, చేయడానికి బావుండదు. పీకిన పల్లీలు ఉడకబెట్టాకే పెట్టండి. మట్టిలో ఆడిన చేతులకి సబ్బు, నీళ్లు భోజనాల పక్కనే ఉండాలి.

జీవామృతం డ్రమ్ములకి, అగ్నిఅస్త్రం కుండలకి మూతపెట్టి గదిలో తాళం వేయండి. బావికి, ఫారంపాండ్‌కి అడ్డం కట్టండి. అడ్డం కట్టినా సరే, ఆ పొద్దంతా ఒక పెద్ద మనిషి అక్కడే కూచోవాలి, ఇంకే పనీ చెప్పకూడదు. ఫారంపాండ్ ప్లాస్టిక్ షీటు మీద జారితే పెద్దవాళ్లు కూడా పైకి రాలేరు. మోటారు స్టార్టరు ఫ్యూజులు తీసేయండి. ఇవి చేయలేకపోతే వేడుక ఇంటి ముంగిట్లోనే పెట్టుకోండి, చేలోకి నలుగురేసి పిల్లల్ని పెద్దవాళ్లతో పంపండి.

బడి, బహుమతులు, ఖర్చు

బడిలో పంచడానికి చాక్లెట్ల బదులు ఏమివ్వాలి అనేది మట్టి లడ్డూల గొడవ మొదలైన చోటే. వీళ్లు ఈసారి బడికి లడ్డు పంపనేలేదు. తలా ఒక దోర జామకాయ పంపారు, సగానికి కోసి ఉప్పూకారం పొట్లం జత చేసి. నవ్వినవాళ్లు ఎవరూ లేరు, ఇంకోటి ఉందా అని అడిగారట. పిల్లలకి ముందే ఇష్టమైనదాంతో మొదలుపెట్టడం తెలివైన పని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో చిక్కీ, 2023 నుంచి రాగిజావ మధ్యాహ్న భోజనంతో వస్తున్నాయి కాబట్టి అక్కడి పిల్లలకి రాగి కొత్త కాదు. ప్రైవేటు బడుల్లో చదివే మన పిల్లలకే కొత్త. బడి గేటుకి 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనల్లో ఉంది. టీచర్‌తో మాట్లాడేటప్పుడు ఈ మాట గుర్తు చేయండి. బయటి తిండి ఏదైనా పంచే ముందు ఆవిడ్ని అడగడం ఎలాగూ మర్యాద.

వచ్చిన పిల్లలకి ఇచ్చే బహుమతి విత్తనాల పొట్లం అయితే బావుంటుంది. బెండ, గోరుచిక్కుడు, బంతి, తోటకూర పదేసి గింజలు కాగితంలో మడిచి, ఎప్పుడు వేయాలో పాప చేత రాయించండి. అందంగా ఉన్నాయని గురివింద గింజలు, ఆముదం గింజలు పొరపాటున కూడా వేయొద్దు. రెండూ విషమే. దుకాణంలో కొన్న గులాబీరంగు పట్టించిన విత్తనం కూడా పిల్లల చేతికి ఇవ్వకూడదు, అది మందు పూసిన గింజ.

ఖర్చు దగ్గర ఒక కిటుకు. ఇంటి సరుకే కదా అని లెక్కలో సున్నా వేయకండి. రాగులు, కొర్రలు, పల్లీలు, పాలు మీరు సంతలో అమ్మే ధరకే రాసుకోండి. అప్పుడు బేకరీ బిల్లుతో పోల్చండి. కొందరికి పెద్ద తేడా రాకపోవచ్చు కూడా. అయితే జేబులోంచి పోయే డబ్బు మాత్రం తగ్గుతుంది. నూనె, గోధుమపిండి, బేకింగ్ పౌడరు, విస్తర్లకి తప్ప పెద్దగా పైసా తీయాల్సిన పని ఉండదు. పనిమాత్రం ఎక్కువే, దాచిపెట్టడం ఎందుకు. లడ్డూలు రెండు రోజుల ముందు, కేకులు ముందురోజు, పులిహోర ఆ పొద్దున చేసుకోవాలి. పని మొత్తం ఇంటి ఇల్లాలి నెత్తిన పడేస్తే వచ్చే ఏడు ఆవిడే "బేకరీకి పోండి" అంటుంది, తప్పు పట్టలేం. కంకులు కాల్చడం, మజ్జిగ చిలకడం, గిన్నెలు తోమడం మగవాళ్లు తీసుకోండి. వీడియోలో పొయ్యి దగ్గర కూచుంది పాప వాళ్ల తాతే.

రుచి చూసినవాళ్లు మా ఇంటికీ చేసిపెట్టండి అని ఆర్డర్లు ఇస్తారు. ఒకసారి చుట్టాలకి చేసిపెట్టడం వేరు, అమ్మడం వేరు. అమ్మాలంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ చేయించుకోండి, ప్యాకెట్ మీద తయారుచేసిన తేదీ వేయండి, పల్లీ, పాలు, గోధుమ ఉంటే ఆ సంగతి రాయండి.

వేడుక అయ్యాక మిగిలిన పులిహోర సాయంత్రానికే తినేయాలి, పాయసం ఫ్రిజ్ లేకపోతే అసలు నిలవ పెట్టొద్దు. లడ్డూలు తడి తగలని డబ్బాలో వారం, పది రోజులు ఉంటాయి. మోదుగ విస్తర్లు, అరటాకులు, కంకి బెండ్లు, జామ తొక్కలు కంపోస్టు గుంతలోకి. పుల్లలు, కొవ్వొత్తి ముక్కలు, రిబ్బన్లు ముందే ఏరేయండి. చొప్ప పశువులకి. విత్తనానికి రెండు కంకులు చెట్టుమీదే ఎండనివ్వాలని పాప అడిగితే, తీపి మొక్కజొన్న హైబ్రిడ్ గింజ అయితే మళ్లీ అదే రకం రాదని చెప్పండి. దేశీ మొక్కజొన్న గానీ పేలాల రకం గానీ వేసి ఉంటే మాత్రం పక్క చేలో వేరే రకం మొక్కజొన్న లేదని చూసుకుని, బాగా గింజ పట్టిన వాటిని వదిలి, ఎండాక తొక్క వెనక్కి తీసి జడలా అల్లి వంటింటి దూలానికి కట్టండి. పొగ తగిలే చోట పురుగు తక్కువ.